జున్ను ఇంటిల్లిపాదికి, పారుడు లేగదూడకు

(మా నల్గొండ ప్రతినిధి)

వానలు వెనుకబట్టి చలి మొదలయ్యే నాటికి జిల్లాలో గేదెల ఈతలు ముమ్మరమవుతాయి. సాగర్ ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హాలియా, నిడమనూరు వైపు ఏ ఊరికి వెళ్లినా కొట్టాలలో కొత్త దూడలు కనిపిస్తాయి. ఆ పక్షం రోజులలోనే ఊరి చివర పెంటకుప్పల వద్ద కుక్కలు గుమిగూడటమూ కనిపిస్తుంది. చచ్చిన దూడను గొయ్యి తీసి పూడ్చే ఓపిక అందరికీ ఉండదు. ఏమైందని అడిగితే ‘పారింది, పోయింది’ అని రెండే మాటలు చెబుతారు. పెయ్యదూడ అయితే ఒక నిట్టూర్పు తోడవుతుంది. దున్నదూడ అయితే అదీ ఉండదు. ట్రాక్టర్లు వచ్చి దున్నపోతుల అవసరం తీరిపోయిన తరువాత వాటి చావును లెక్కించేవారు లేరు.

ఆ రెండు మాటల మధ్య దూడ కడుపులో జరిగేదేమిటి, అందులో రైతు చేతిలో ఉన్నదెంత, ప్రభుత్వమూ పాల సంఘాలూ చేయవలసింది ఎంత అన్నది ఇప్పుడైనా ఆలోచించవలసి ఉన్నది.

నష్టం సామాన్యమైనది కాదు. మంచి పాడి గేదెను కొనాలంటే నేడు లక్ష రూపాయల మాట వినవస్తున్నది. అదే గేదె మన కొట్టంలో పెయ్యదూడగా పుట్టి, ఎదిగి, చూడి కట్టి, ఈని పాలివ్వడానికి మూడున్నర, నాలుగేండ్లు పడుతుంది. పుట్టిన వారంలోనే అది పారి చస్తే ఆ నాలుగేండ్ల ఆశ పోయినట్టే. అంతటితో ఆగదు. దూడ చచ్చిన గేదె సరిగా చేపదన్న సంగతి పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టిన రోజులు పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఇప్పుడు దానికి బదులు పూట పూటకూ ఆక్సిటోసిన్ సూదిమందు పొడిచేవారు తయారైనారు. డాక్టరు చీటీ లేకుండా ఆ మందు అమ్మరాదు. అయినా దొరుకుతున్నది. ఇంత తతంగానికీ మూలం ఒక లేగదూడ పారుడు.

మాయ పడేదాకా ఆగితే...

ఈనిన గేదె మాయ వేసేదాకా దూడను పొదుగు దగ్గరకు రానీయకపోవడం మన పల్లెల్లో పాత ఆచారం. ముందే త్రాగిస్తే మాయ పడదని కొందరు, చిక్కని పాలు దూడకు అరగక పారుతుందని కొందరు చెబుతారు. ఈ రెండింటిలో మొదటి మాట పూర్తిగా తలక్రిందులు. దూడ పొదుగును కుమ్మి చీకినప్పుడు తల్లి ఒంట్లో ఊరే పదార్థమే పాలు చేపడానికీ, గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికీ తోడ్పడుతుంది. అంటే దూడను ఆపడం మాయ పడే పనిని కూడా ఆలస్యం చేయడమే.

మాయ పడటానికి మామూలుగా ఎనిమిది, పది గంటలు పట్టవచ్చు. దూడకు అంత వ్యవధి లేదు. మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే కొంత రోగనిరోధక శక్తి రక్తం ద్వారా అందుతుంది. ఆవు, గేదె, గొర్రె, మేకల పిల్లలకు ఆ సదుపాయం లేదు. వాటి మాయ నిర్మాణం వేరు కావడం వల్ల తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు దాన్ని దాటి పిల్లకు చేరలేవు. అవన్నీ ముర్రుపాలలోనే ఉంటాయి. దూడ పేగు ఆ పదార్థాలను చెక్కుచెదరకుండా రక్తంలోకి తీసుకొనే గుణం పుట్టిన తొలి ఆరు గంటలలో బాగా ఉంటుంది. ఆ తరువాత గంట గంటకూ తగ్గుతూ ఒక పగలూ రాత్రీ గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. తరువాత బిందెడు ముర్రుపాలు పోసినా అవి మామూలు ఆహారంగానే అరిగిపోతాయి తప్ప రక్తంలో చేరి కాపలా కాయవు.

ఇది నిన్నమొన్న తేలిన సంగతి కాదు. పశువుల రక్తంలో చేరే జ్వరాన్ని పిడుదులు మోసుకువస్తాయని 1893లో నిరూపించిన అమెరికా శాస్త్రజ్ఞుడు థియొబాల్డ్ స్మిత్, తన సహచరుడు లిటిల్‌తో కలిసి 1922లో దూడల మీద ఈ పరీక్ష చేశాడు. ఒకే మందలో కొన్ని దూడలకు ముర్రుపాలు ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా చూశాడు. త్రాగినవి నిలిచాయి. త్రాగనివాటిలో ఎక్కువ భాగం కొద్ది రోజులలోనే చచ్చాయి. వాటిని కోసి చూస్తే పేగులలో ఉండవలసిన కోలి క్రిములు శరీరంలోని ఇతర అవయవాలలోకీ పాకి ఉన్నాయి. ఈ మాట వెలువడి నూరేండ్లు దాటినా మన కొట్టాలలో చాలావాటికి ఇంకా చేరలేదు.

ఇక జున్ను సంగతి. ఈనిన ఇంటి నుంచి ఇరుగుపొరుగులకు జున్నుపాలు వెళ్లడం మంచి ఆచారమే. దాన్ని మానమని ఎవరూ చెప్పరు. పట్నాలలో జున్నుపాలకు గిరాకీ పెరిగిన తరువాత తొలి పితుకు నేరుగా క్యానులోకి పోవడమే చిక్కు. ఇరవై అయిదు, ముప్పై కిలోల బరువుతో పుట్టిన గేదె దూడకు మొదటి రోజు దాని బరువులో పదో వంతు, అంటే రెండున్నర, మూడు లీటర్ల ముర్రుపాలు అందాలి. అందులో సగమైనా మొదటి రెండు గంటలలో కడుపులో పడాలి. అది లేచి నిలబడలేకపోతే పితికి సీసాతో పట్టాలి. ఆ తరువాత మిగిలినవి, రెండవ నాటివి జున్నుకు సరిపోతాయి. చుట్టాలకు ఒక పూట ఆలస్యంగా అందుతుంది, అంతే.

వయసును బట్టి క్రిమి

పారుడు అని ఒక్క పేరుతో పిలిచినా, దానికి కారణాలు అనేకం. దూడ వయసు ఎంత అన్నదే పశువైద్యుడు అడిగే మొదటి ప్రశ్న.

పుట్టిన నాలుగు రోజుల లోపు నీళ్లవలె, తెలుపు లేక లేత పసుపు రంగులో పారితే అనుమానించవలసింది ఇ.కోలి అనే సూక్ష్మజీవిని. మనవాళ్లు తెల్లపారుడు అనేది చాలావరకు ఇదే. 1885లో ఎషెరిక్ అనే జర్మన్ వైద్యుడు పసిబిడ్డల మలంలో గుర్తించిన క్రిమి ఇది. ఆరోగ్యంగా ఉన్న పశువు పేగులోనూ ఇది కోట్లలో ఉంటుంది, హాని చేయదు. అందులో కొన్ని జాతులకు మాత్రం సన్నని నూగువంటి కొక్కేలు ఉంటాయి. వాటితో చిన్నపేగు గోడకు అంటుకుని ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం పేగు గోడను చీల్చదు, పుండు చేయదు. ఒంట్లోని నీటిని, ఉప్పును పేగులోకి తోడిపోయమని మాత్రం గోడకు ఆజ్ఞ ఇస్తుంది. దూడ నాలుగైదు రోజులది అయ్యేసరికి ఆ కొక్కేలకు పట్టు దొరకదు. అందుకే ఈ రకం పారుడు తొలి రోజులలోనే వస్తుంది.

ముర్రుపాలు అందని దూడలో ఇదే కోలి క్రిమి మరో దారి పట్టవచ్చు. పేగు ద్వారానో, తడి బొడ్డు ద్వారానో రక్తంలో చేరితే పారుడు కనిపించక ముందే దూడ చచ్చిపోతుంది. బ్రతికినా బొడ్డు వాచి, మోకీళ్లలో చీముపట్టి కుంటుతుంది. బొడ్డు తెగిన వెంటనే టించర్ అయోడిన్‌లో ముంచడం పైసలలో అయ్యే పని. ఆ సీసా లేని పాడి ఇళ్లే ఎక్కువ.

రెండు వారాల నుంచి ఆరు వారాల మధ్య జ్వరంతో మొదలై, దుర్వాసనతో, నెత్తురు, జిగట, పేగు పొర ముక్కలు కలిసి పారితే అది సాల్మొనెల్లా కావచ్చు. ఇది కోలివలె ఆజ్ఞ ఇచ్చి ఊరుకొనేది కాదు. పేగు గోడలోకి చొరబడి దాన్ని చెడగొడుతుంది. కోలుకున్న దూడ కూడా కొన్నాళ్లు పేడలో క్రిమిని వదులుతూ తిరుగుతుంది. మనుషులకూ ఇది అంటుతుంది. పారే దూడను ఎత్తి, తుడిచి, అదే చేత్తో పిల్లలకు అన్నం కలిపే ఇళ్లు గమనించవలసిన విషయమిది.

మరొకటి క్లాస్ట్రీడియం. దీని ధోరణి విచిత్రం. బక్కదూడను వదలి బాగా పాలు త్రాగి బలిసిన దూడను పట్టుకుంటుంది. పుట్టిన పది రోజుల లోపు ఉన్నట్టుండి కడుపు నొప్పితో తన్నుకుని, నెత్తురుతో పారి, ఒక్కోసారి పారకుండానే గంటలలో చస్తుంది. దిష్టి తగిలిందని చెప్పుకొనే చావులలో ఇవి ఎన్నో ఎవరూ లెక్కతీయలేదు.

ఇంతమాత్రాన పారుడు అంతా ఈ క్రిములదే అనుకోరాదు. అయిదు నుంచి పదిహేను రోజుల దూడలలో వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కూడా పారుడు తెస్తాయి. మూడు వారాల గేదెదూడ బంకమట్టి రంగులో కంపుకొట్టే పేడ వేస్తూ, పొట్ట ముందుకు వచ్చి, వెంట్రుక గరుకుగా ఉంటే ముందుగా ఏలికపాములను తలచుకోవాలి. తల్లిలో దాగి ఉన్న పిల్లపురుగులు పాల ద్వారా దూడకు చేరుతాయి. అందుకే రెండవ వారంలోనే నట్టల మందు పట్టించమని వైద్యులు చెబుతారు. ఈ జిల్లాలో గేదెదూడల పారుడును గురించి మాట్లాడుతూ ఏలికపామును మరచిపోతే సగం కథ విడిచినట్టే.

చంపేది నీరు పోవడమే

క్రిమి ఏదైనా, పారే దూడను చాలాసార్లు చంపేది ఒంట్లో నీరు పోవడమే. ముప్పై కిలోల దూడ ఒక్క రోజులో మూడు లీటర్ల నీరు కోల్పోగలదు. నీటితోపాటు ఉప్పు, క్షారం పోతాయి. రక్తం పులుస్తుంది. పొటాషియం ఉండవలసిన చోటు వదలి రక్తంలో పెరుగుతుంది. చివరకు గుండె ఆగుతుంది.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. మెడ మీద తోలు పట్టి లాగి వదలితే వెంటనే అణగాలి. కుప్పగా నిలిస్తే నీరు తగ్గినట్టు. కన్ను గుంటలోకి పోయి, నోట్లో వేలు పెడితే చల్లగా తగిలి, వేలును చీకకపోతే పరిస్థితి ముదిరినట్టు. అప్పుడు నోటితో పోయడం ప్రమాదం. ఊపిరితిత్తులలోకి పోయి దూడ అక్కడికక్కడే చావవచ్చు. నరంలోకి సెలైన్ ఎక్కించడం తప్ప వేరే మార్గం లేదు.

అంతవరకు రాకముందు చేయగలిగింది చాలా ఉన్నది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు కలిపిన నీళ్లు డ్రమ్ములలో పోసి త్రాగించి వేలమందిని నిలబెట్టాడు. ఆయన మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. కలరా విషమూ, దూడ పేగులోని కోలి విషమూ ఒంటి నీటిని పేగులోకి తోడిపోయడంలో దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి. పేగు గోడ చెడదు కనుక గ్లూకోజు తోడుంటే ఉప్పును, దాని వెంట నీటిని తిరిగి పీల్చుకోగలదు. మనిషి బిడ్డకు వాడే ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు నీళ్లలో కలిపి దూడకు పట్టవచ్చు. రోజుకు మూడు, నాలుగు సార్లు లీటరు చొప్పున, పాలకూ పాలకూ మధ్య ఇవ్వాలి.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పొట్లం బదులు చక్కెర నీళ్లు, బెల్లం నీళ్లు, గంజి పోస్తారు. మనిషికి అవి పనికివస్తాయి. లేగదూడ పేగులో చక్కెరను విడగొట్టే రసమే లేదు, గంజిని అరిగించే శక్తి బహు తక్కువ. అరగని చక్కెర పేగులోనే ఉండి మరింత నీటిని లాగుతుంది. కనుక గ్లూకోజు ఉన్న పొట్లమే కావాలి.

పారుతున్నదని పాలు మాన్పించడం మరో అలవాటు. ఒకటి రెండు రోజులు పాలు లేకపోతే దూడ ఆకలికి చస్తుంది, నింద పారుడు మీద పడుతుంది. ఒక్కసారిగా కడుపునిండా వదలకుండా, కొంచెం కొంచెంగా ఎక్కువ సార్లు త్రాగనీయాలి.

బిళ్లల మోజు

పారుడు కనిపించగానే మందుల దుకాణానికి వెళ్లి బిళ్లలు తెచ్చి నూరి పోయడం ఊళ్లలో సర్వసాధారణమైంది. సూదిమందు వేసి వెళ్లే అర్ధవైద్యులకూ కొరత లేదు. జ్వరం, నెత్తురు ఉన్నప్పుడు, రక్తంలో క్రిమి చేరిందని వైద్యుడు భావించినప్పుడు యాంటీబయాటిక్ ప్రాణం నిలుపుతుంది. కాదనలేము. వైరస్ పారుడుకు అది చేసే మేలు లేదు. ఒంట్లో నీరు లేని దూడకు సల్ఫా బిళ్లలు పోస్తే మూత్రపిండాలలో గడ్డకట్టి వేరే కీడు తెస్తాయి.

ఇంతకంటె పెద్ద ముప్పు, మందుకు క్రిములు లొంగకపోవడం. మనుషులకు మిగతా మందులన్నీ విఫలమైనప్పుడు ఆఖరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు విచ్చలవిడిగా వాడుతున్నారని గమనించి కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో దాన్ని ఆహారపు పశుపక్ష్యాదులకు వాడరాదని నిషేధించింది. మంచి ఉత్తర్వే. అయితే ఒక్క మందును ఆపినంత మాత్రాన పూట మందు వేసి మానివేసే అలవాటు ఆగదు. దూడ పేగులో మొండికెత్తిన క్రిమి పేడలో, పెంటలో, పొలంలో, చివరకు మన చేతికి చేరుతుంది.

దేవరకొండ వైపు గొర్రెపిల్లలు

జిల్లాకు నైరుతిన దేవరకొండ, చందంపేట ప్రాంతాలలో బాధ గొర్రె, మేక పిల్లలది. 2019 పశుగణనలో 1 కోటీ 90 లక్షలకు పైగా గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017లో ఆరంభమైన పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇతర రాష్ట్రాల నుంచి కొని తెచ్చి పంచారు. ఎన్ని యూనిట్లు పంచామన్నది ప్రతి సభలోనూ చెప్పారు. వాటికి పుట్టిన పిల్లలలో ఎన్ని నిలిచాయన్నది అంత గట్టిగా చెప్పినవారు లేరు.

గొర్రెపిల్లలకూ తొలి రోజుల కోలి పారుడు వస్తుంది. మందలో తల్లి దొరకని పిల్ల, కవలలలో రెండవది ముర్రుపాలకు నోచుకోక ముందు పోతాయి. ఇక కాస్త ఎదిగిన పిల్లలను పట్టేది చిటుక రోగం. దీనికీ కారణం క్లాస్ట్రీడియమే, మరో రకం. తొలకరికి మొలిచిన లేతగడ్డి ఆబగా మేసినా, కోతలైన మడులలో రాలిన వడ్లు కడుపునిండా తిన్నా పేగులోని క్రిమి ఒక్కసారిగా పెరిగి విషం చిమ్ముతుంది. మందలో అన్నిటికంటె పుష్టిగా ఉన్న పిల్ల ఎగిరి పడి, తల వెనక్కు విరిచి, కాళ్లు కొట్టుకుని చిటికె వేసినంతలో పోతుంది. మేకలలో పారుడు ఎక్కువగా కనిపిస్తుంది. మందు పట్టించే వ్యవధి ఉండదు. టీకా ఒక్కటే దిక్కు. వానలకు ముందు వేయించాలి. మొదటిసారి వేసినప్పుడు రెండు, మూడు వారాలకు మళ్లీ వేయాలి. ఈ రెండవ మోతాదు ఎగవేయడం వల్లనే ‘టీకా వేసినా చచ్చింది’ అన్న మాట పుట్టింది. ఈతకు నెల ముందు తల్లికి వేస్తే ఆ రక్షణ ముర్రుపాలతో పిల్లకు చేరుతుంది. వానలు పడి, పిల్లలు చావడం మొదలైన తరువాత వచ్చే టీకా అప్పటికే పోయినవాటికి పనికిరాదు. ఈ తేదీల విషయంలో పశుసంవర్ధక శాఖ మరింత పట్టుదల చూపవలసి ఉన్నది.

గడి లేని పుస్తకం

1962 నంబరుతో 2017లో రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు ప్రారంభమైనాయి. నియోజకవర్గానికి ఒకటి. కాన్పు కష్టమైన గేదెకు, కాలు విరిగిన ఎద్దుకు అవి ఉపకరించాయి. తెల్లవారి పారి, సాయంత్రానికి కన్నులోతుకుపోయే దూడకు నియోజకవర్గానికి ఒక్క వాహనం ఏ మూలకు సరిపోతుంది? దూడను భుజాన వేసుకుని ఆసుపత్రికి తెచ్చే రైతు అరుదు. వచ్చినా పేడను పరీక్షకు పంపి ఏ క్రిమో తేల్చుకొనే ఏర్పాటు ఊరి వైద్యశాలలో ఉండదు.

పాల సేకరణ కేంద్రం మాత్రం ప్రతి ఊరిలోనూ రెండు పూటలా తెరుచుకుంటుంది. రైతు కాలు రోజూ పడే చోటు అది. దాణా బస్తాలు అమ్మే ఆ గదిలోనే ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, టించర్ అయోడిన్ సీసాలు, నట్టల మందు ఉంచి, ధరను పాల బిల్లులో పట్టుకుంటే ఎవరికీ భారం కాదు. పాల పుస్తకంలో లీటర్లకు, వెన్నశాతానికి గడులున్నాయి. గేదె ఈనిన తేదీకి, దూడ బ్రతికిందా లేదా అన్నదానికి ఒక గడి చేర్చితే ఊరికి ఎన్ని దూడలు ఏ వయసులో పోతున్నాయో ఆరు నెలలలో తేలుతుంది. అన్నీ నాలుగు రోజుల లోపే పోతుంటే ఆ ఊరికి ముర్రుపాల సంగతి చెప్పాలి, మూడు వారాలకు పోతుంటే నట్టల మందు పంపాలి. ఇప్పుడు అన్ని ఊళ్లకూ ఒకే బిళ్ల పోతున్నది.

కొట్టం మాట కూడా ఉన్నది. ఈతల కాలంలో ముందు పుట్టిన దూడలు నిలిచి, వెనుక పుట్టినవి చావడం చాలామంది గమనించే ఉంటారు. ఒక్కో దూడ పేడతో ఆ నేల మీద క్రిములు పేరుకుంటూ పోవడమే కారణం. అదే గుంజకు, అదే తడి నేల మీద కొత్త దూడను కట్టివేయడం కంటె, ఎండ తగిలే మరో చోట పొడి గడ్డి పరచి కట్టడం మేలు. పారే దూడను వేరుగా ఉంచి, దాని పని చివరన చూసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వైద్యుడికి కబురు చేసినప్పుడు దూడ పుట్టి ఎన్ని రోజులైంది, ముర్రుపాలు ఎన్ని గంటలకు త్రాగింది, పేడ ఏ రంగు, జ్వరం ఉన్నదా, వేలు చీకుతున్నదా అన్న అయిదు సంగతులు చెప్పగలిగితే ఆయన సంచిలో ఏమి పెట్టుకుని బయలుదేరాలో అక్కడే తేలిపోతుంది.